కోహినూర్ ముందు ఆగని ట్రావలేటర్ గారికి

టవర్ ఆఫ్ లండన్,
జ్యుయల్ హౌస్, కిరీటాల గది, నేల మీద.

గౌరవనీయులైన ట్రావలేటర్ గారికి, అంటే మనుషుల్ని మోసుకుని కదిలే నేల గారికి, నమస్కారాలు.

మొన్న మంగళవారం మధ్యాహ్నం మూడున్నర ప్రాంతంలో మీ మీదుగా వెళ్ళిన తెలుగు బృందంలో నేనూ ఒకణ్ణి. నా చొక్కా చెయ్యి పట్టుకుని పక్కనే ఒక పెద్దావిడ ఉంది. జరీ అంచు చీర, కింద తెల్ల స్పోర్ట్స్ షూస్. ఆవిడ మా అమ్మ. మీకు గుర్తుండదు లెండి. ఏటా పాతిక లక్షలు దాటి జనం వస్తారట మీ కోటకి. మాకు మాత్రం మీరు బాగా గుర్తున్నారు. గుంటూరు చేరి రెండు రోజులైంది, జెట్ లాగ్, రాత్రి రెండు దాటినా నిద్ర పట్టడం లేదు. సరే, మీకో ఉత్తరం రాద్దామని కూర్చున్నాను.

ముందు మీ క్రమశిక్షణని మెచ్చుకోవాలి. ఆ జ్యుయల్ హౌస్‌ని 1994లో కొత్తగా తెరిచారు. అప్పట్నుంచీ కిరీటాల ముందు ఎవరినీ నిలవనివ్వకుండా, పేదా గొప్పా చూడకుండా, వచ్చినవాణ్ణి వచ్చినట్టే ముందుకి పంపించేస్తున్నారు. ఒక మాట అనరు. చెయ్యి కూడా వెయ్యరు. కాళ్ళ కింది నేలనే లాగేస్తారు, అంతే.

మేం తోపులాట తెలియనివాళ్ళం కాదండీ. తిరుమలలో మహాలఘు దర్శనం చేసుకున్నవాళ్ళం. అక్కడా 'జరగండి, జరగండమ్మా' అని రెక్క పట్టుకుని లాగేస్తారు. కానీ లాగేది మనిషి. తిట్టుకోవడానికి ఒక మొహం కనిపిస్తుంది. 'ఒక్క క్షణం తల్లీ' అని బతిమాలితే ఆ ఒక్క క్షణం ఒకోసారి దొరుకుతుంది కూడా. దొరక్కపోయినా మెడ వెనక్కి తిప్పుకుని గడప దాటేదాకా చూసుకుంటాం. బయటికొస్తే లడ్డూ ఉంటుంది. మీ దగ్గర బతిమాలుకోవడానికి మనిషెవరండీ? మిమ్మల్ని నడిపించే మోటారుకి తెలుగు రాదు.

మా టూరు సంగతి క్లుప్తంగా చెబుతాను. మీ తప్పు కాదు గానీ ఎవరికో ఒకరికి చెప్పుకోవాలి. బ్రిటన్ రాజుల కోటలన్నీ ఎనిమిది రోజుల్లో చూపిస్తాం, పూటపూటా ఆంధ్రా భోజనం అన్నారు. బకింగ్‌హామ్ ప్యాలెస్‌కి మంగళవారం ఉదయం తీసుకెళ్ళారు. కాపలా సిపాయిల మార్పిడి మామూలుగా సోమ, బుధ, శుక్ర, ఆదివారాల్లో ఉంటుందని గేటు ముందు నిలబడ్డాక తెలిసింది. విండ్సర్‌కి ఆదివారం తీసుకెళ్ళారు. రాజుల సమాధులున్న సెయింట్ జార్జ్ చాపెల్‌లోకి ఆదివారం ప్రార్థనకి వచ్చేవాళ్ళకే ప్రవేశం. కెన్సింగ్టన్ ప్యాలెస్‌ని 'ఎడమవైపు చూడండి' అని బస్సులోంచే కానిచ్చారు. నేను కుడివైపు సీట్లో ఉన్నాను. విండ్సర్‌లో ఒక బొమ్మరిల్లు ఉంది, 1920ల్లో మేరీ రాణికి చేసిపెట్టింది. అందులో కుళాయి తిప్పితే వేడినీళ్ళు, చన్నీళ్ళు వచ్చేలా పైపులు వేశారట. బొమ్మలకి! మా హోటల్లో ఉదయం ఏడు దాటితే వేడినీళ్ళు లేవు. ఒక్క హాంప్టన్ కోర్టులో మాత్రం తీరిగ్గా వదిలారు, అదీ పొదల పద్మవ్యూహంలో. బయటికి రావడం తెలియక అక్కడ యాభై నిమిషాలు తిరిగాం. మాకు కావలసినంత టైము దొరికిన రాజవైభవం అదొక్కటే.

ఇవన్నీ నేను మర్చిపోగలను. ఆంధ్రా భోజనం బదులు చల్లటి శాండ్‌విచ్ చేతిలో పెట్టి, మీ కోటలో కాకులకి పచ్చిమాంసం, రక్తంలో నానబెట్టిన బిస్కెట్లు వేళకి అందుతాయని గైడు చెప్పినప్పుడు కూడా ఊరుకున్నాను. ఊరుకోలేనిది మీ విషయంలోనే.

మా అమ్మ పుట్టింది కృష్ణ ఒడ్డున, పులిచింతల ముంపులో పోయిన ఊళ్ళలో ఒకదాంట్లో. దానికి దగ్గర్లోనే కొల్లూరు. 17వ శతాబ్దంలో ఫ్రెంచి వర్తకుడు టావెర్నియే వచ్చి, ఇక్కడి వజ్రాల గనుల్లో అరవై వేల మంది పనిచేస్తున్నారని రాసిపెట్టుకుపోయిన కొల్లూరు. కోహినూర్ పుట్టిల్లు అదేనని మావాళ్ళు పుట్టినప్పట్నుంచీ వింటూ వచ్చారు. చరిత్రకారులు మాత్రం అంత గట్టిగా సంతకం పెట్టరు, ఆధారాలు చాలవంటారు. మా తాతకి ఆధారాలతో పని లేదు. పొలంలో ఏ రాయి తళుక్కుమన్నా గుడ్డలో కట్టుకుని సత్తెనపల్లి కంసాలి దగ్గరికి నడిచేవాడట. కంసాలి ఆ రాయిని వెలుతురుకి పెట్టి చూసి 'పలుగురాయి' అనేవాడు. మళ్ళీ వానాకాలం, మళ్ళీ గుడ్డమూట, మళ్ళీ పలుగురాయి. ఇంటి గూట్లో ఆ పలుగురాళ్ళే డజనుకి పైగా ఉండేవని అమ్మ చెబుతుంది. కొల్లూరూ నీళ్ళలోకే పోయింది, ఆ గూడూ పోయింది.

అందుకే టూరు కాగితంలో ఎర్ర అక్షరాలతో 'కోహినూర్ దర్శనం' అని చూడగానే, మోకాళ్ళ నొప్పులున్న మనిషి, పాస్‌పోర్టు ఫోటోకి కూడా రానని మొండికేసిన మనిషి, వస్తానంది. 'మా ఊరి రాయి. ఒకసారి చూసి వద్దాం' అంది.

ఇక మీ దగ్గరికి వచ్చేటప్పటికి ఏమైందో వినండి.

రెండింటికి లోపలికి వెళ్ళాం. ఎర్ర అంచుల ముదురు నీలం కోటు వేసుకున్న బీఫీటర్, అంటే ఆ కోట కాపలాదారు, చుట్టూ అందర్నీ నిలబెట్టారు. సైన్యంలో 22 ఏళ్ళు చేసినవాళ్ళకే ఆ ఉద్యోగమట. గొంతు వింటే నిజమే అనిపిస్తుంది. 1536లో ఆన్ బొలీన్ రాణి తల తీయడానికి గొడ్డలి వద్దని, కత్తి తిప్పడంలో ఆరితేరినవాణ్ణి సముద్రం అవతల నుంచి పిలిపించిన కథ ఆయన చాలాసేపు చెప్పాడు. తల తీయడానికి కూడా అంత తీరిగ్గా ఏర్పాట్లు చేసుకున్న చోటన్నమాట. తర్వాత క్యూలో యాభై నిమిషాలు. లోపల గోడల మీద పట్టాభిషేకం సినిమా తిరిగి తిరిగి వస్తోంది. అమ్మ దాన్ని రెండుసార్లు చూసి, 'ఆ కిరీటం మెడకి బరువు కాదట్రా?' అంది. రెండు కిలోల పైనే ఉంటుందన్నాను. 'పాపం' అంది.

తర్వాత చీకటి గది. అద్దాల వెనక వెలుగు. అక్కడ నేల మీద మీరు.

మా అమ్మకి కదిలే నేలంటే భయం. శంషాబాద్ ఎయిర్‌పోర్టులో కూడా ఎస్కలేటర్ వద్దని లిఫ్టు కోసం నిలబడింది. మిమ్మల్ని చూసి ఆగిపోయింది. వెనక క్యూ ఉంది. నేను చెయ్యి పట్టుకున్నాను. కుచ్చిళ్ళు ఎడమ చేత్తో జానెడు పైకెత్తి పట్టుకుని, ఒక తెల్ల షూ ముందుకి పెట్టి, వెనక్కి తీసి, మళ్ళీ పెట్టి, ఎక్కింది. ఎక్కాక తల దించుకుంది. కొంగు ఎక్కడైనా ఇరుక్కుంటుందేమో, చివర్లో దిగేచోట కాలు మడత పడుతుందేమో అని చూపంతా షూస్ మీదే. 'అమ్మా, చూడు, అదిగో, చూడు' అన్నాను. 1937 పట్టాభిషేకానికి అప్పటి రాజుగారి భార్య కోసం చేసిన ప్లాటినం కిరీటం. ముందువైపు నడిమధ్యన ఆ రాయి. 'ఆఁ, ఆఁ, చూస్తున్నా' అంటూ తల ఎత్తలేదు. ఆవిడ పెదవులు కదులుతున్నాయి. అంకెలో, ఆంజనేయ దండకమో తెలియదు. దిగింది. ఊపిరి వదిలింది. కుచ్చిళ్ళు సర్దుకుంది. అప్పుడు తల ఎత్తి అడిగింది.

'ఏదిరా?'

పది సెకన్లండీ. ఇంకోటి కలిపితే పదకొండు.

ఆ రాయి దగ్గర అందరికీ తీరిక దొరికింది. 1739లో ఢిల్లీ దోచుకున్న నాదిర్షాకి దొరికింది. 1849లో లాహోర్ ఒప్పందంలో పదేళ్ళ దులీప్ సింగ్ దాన్ని వదులుకోవాల్సి వచ్చింది. ఆ పిల్లాడు కాస్త పెద్దయ్యాక లండన్లో విక్టోరియా రాణి దాన్ని అతని చేతిలోనే పెడితే, కిటికీ దగ్గరికి తీసుకెళ్ళి తిప్పి తిప్పి చూశాడట. ఆ గదిలో ఉన్న దొరసాని ఒకావిడ, ఆ పావుగంట తనకెంత ఇబ్బందిగా గడిచిందో రాసుకుంది. పావుగంట! 1851 ఎగ్జిబిషన్లో లండన్ జనం ఆ రాయిని పెట్టిన పంజరం ముందు నిలబడి, ఇంతేనా, గాజుముక్కలా ఉందని పెదవి విరిచారు. పెదవి విరవడానికైనా నిలబడాలి కదా. మరుసటి ఏడాది దాన్ని 38 రోజులు సానబట్టి, 186 క్యారెట్ల రాయిని 105.6కి దించారు. అరగదీయడానికి 38 రోజులు, చూడ్డానికి పది సెకన్లు. అంతెందుకు, 1671లో దొంగతనానికి వచ్చిన కర్నల్ బ్లడ్ మీ కోటలోనే కిరీటాన్ని సుత్తితో చదును చేసేంత తీరిక సంపాదించాడు. పట్టుబడితే రాజుగారు క్షమించి, ఐర్లండులో భూములిచ్చి పంపారు. మా అమ్మ టిక్కెట్టు కొనుక్కుని వచ్చింది.

రాయి తిరిగి ఇచ్చెయ్యమని నేను మిమ్మల్ని అడగడం లేదు. అది మీ చేతిలో పని కాదు. మనమూ, పాకిస్తానూ, అఫ్ఘనిస్తానూ వరసగా అడిగాం, ఆ క్యూ మీ క్యూ కన్నా పొడుగు. మగవాళ్ళకి ఆ రాయి అచ్చిరాదని రాజులు పెట్టుకోరట. మా అమ్మ ఆడమనిషే. పెట్టుకుంటానని కూడా అనలేదు. చూస్తానంది.

'మళ్ళీ వెళ్దాంరా. ఈసారి కిందికి చూడను' అంది. మళ్ళీ చుట్టూ తిరిగి వచ్చి ఎక్కొచ్చని, ఎవరూ ఆపరని నాకు తెలుసు. అప్పుడే ఫోను మోగింది. మా టూరు మేనేజరు. 'నాలుగుంబావుకి బస్సు కదలాలి సార్, ఇక్కడ పార్కింగ్ ఫైన్లు మామూలుగా ఉండవు, టెన్షన్ పెట్టకండి.' అమ్మని బుజ్జగించి బయటికి తీసుకొచ్చాను. వస్తే ఏముంది, బృందంలో సగం మంది గిఫ్టు షాపులో. ఫ్రిజ్‌కి అంటించే కిరీటాలు, కిరీటం బొమ్మ ఉన్న టీ కప్పులు, బీఫీటర్ టెడ్డీ బొమ్మలు. బస్సు పావు తక్కువ అయిదుకి కదిలింది. అరగంట ఆలస్యం. అరగంటలో మా అమ్మ ఎన్నిసార్లు ఎక్కి దిగేది?

ఆ షాపులో ఇంకోటి గమనించాను. అక్కడ నేల కదలదు. ఒక్క మాగ్నెట్ చేతిలో పట్టుకుని సాయంత్రం దాకా నిలబడు, ఎవరూ కదలమనరు. అమ్మేదాని ముందు నిలబడనిస్తారు, లాక్కొచ్చినదాని ముందు నిలబడనివ్వరు. నువ్వు అక్కడ ఎందుకు లేవు? చెప్పు. ఎందుకు లేవు? డబ్బులు లెక్కపెట్టే చోట నీ అవసరం ఉండదు. కాళ్ళు నొప్పెట్టి, గుండె దడదడలాడుతూ, డెబ్బై ఒకటో ఏట మొదటిసారి విమానమెక్కి వచ్చిన మనిషి ముందు మాత్రం ఠంచనుగా తిరుగుతావు. ఒక్క నిమిషం ఆగితే నీ సొమ్మేం పోయిందిరా? అక్కడున్నదేదీ నీ సొమ్ము కూడా కాదే!

క్షమించండి. రాత్రి మూడవుతోంది.

బస్సులో అమ్మ ఏమీ అనలేదు. కాసేపటికి చేతిసంచి తెరిచి ఒక గుడ్డముక్క తీసింది. విప్పితే పలుగురాయి. ముంపుకి ఊరు ఖాళీ చేసిన రోజు గూట్లోంచి తెచ్చుకున్నదట. దాన్ని ఎందుకు తెచ్చిందో నేను అడగలేదు. కాసేపు కిటికీ వైపు పట్టుకుని చూసి, మళ్ళీ కట్టేసింది.

మీకు కృతజ్ఞత చెప్పాల్సింది ఒకటుంది, అదీ రాసేస్తాను. ఆ తర్వాత మూడో రోజు, తిరుగు ప్రయాణంలో, హీత్రో ఎయిర్‌పోర్టులో గేటుకి వెళ్ళే దారిలో మీ చుట్టాలే ఎదురయ్యారు, బారుగా, ఒకదాని తర్వాత ఒకటి. వీల్‌చెయిర్ అడుగుదామా అనేలోపే అమ్మ నా చెయ్యి వదిలేసి ముందుకెళ్ళింది. కుచ్చిళ్ళు పట్టుకోలేదు. కిందికి చూడలేదు. తల నిటారుగా ఎత్తి, ఎడమవైపు ఒకసారి, కుడివైపు ఒకసారి, శ్రద్ధగా చూసుకుంటూ చివరిదాకా వెళ్ళి, తడబడకుండా దిగింది. గోడల పొడుగునా సెంటు సీసాల ప్రకటనలు, ఒక బ్యాంకు ప్రకటన.

నేను వెళ్ళి కలుసుకునేసరికి వెనక్కి తిరిగి చూస్తోంది.

'ఇక్కడ ఏమీ పెట్టలేదేందిరా?' అంది.

ఇట్లు,
మీ మీద పది సెకన్లు నిలబడినవాడు