బోదకాలుకు నారింజ తొక్క బిళ్ళలు, గట్టి మసాజ్: ఆ మెసేజ్‌లో నిజమెంత?

మా మందుల షాపుకి వచ్చేవాళ్లు ఈమధ్య చీటీ బదులు ఫోను చూపిస్తున్నారు. "బావూ, ఈ బిళ్ళుందేటి?" అని. శ్రీకాకుళం, విజయనగరం గ్రూపుల్లో తెగ తిరుగుతున్న మెసేజ్ అది. చెప్పేది ఇదీ: నారింజ జాతి పండ్ల తొక్కలో ఉండే ఫ్లేవనాయిడ్ల బిళ్ళలు మూడు నెలలు మింగుతూ, రోజూ కాలిని పాదం నుంచి పైకి నూనెతో గట్టిగా మర్దన చేస్తే, ఆగిపోయిన శోషరసం (లింఫ్ అనే ద్రవం) కరిగి, విషాలన్నీ పోయి బోదకాలు సన్నబడుతుంది. మొక్కల మందు కాబట్టి సైడ్ ఎఫెక్టులుండవు. ఫైలేరియా పురుగుల్ని చంపడానికి ప్రభుత్వం పంచే డీఈసీ బిళ్ళలు దండగ.

అంతా అబద్ధమే అయితే పట్టించుకునేవాణ్ణి కాదు. అక్కడక్కడా నిజం కలిపి రాశారు, అందుకే జనం నమ్ముతున్నారు.

ముందు బిళ్ళల సంగతి. స్ట్రిప్ వెనక్కి తిప్పితే సాధారణంగా డయోస్మిన్ 450 మి.గ్రా., హెస్పెరిడిన్ 50 మి.గ్రా. అని ఉంటుంది. మెసేజ్‌లో చెప్పే ఫ్లేవనాయిడ్లు ఇవే. ఇది దొంగ మందేం కాదు. మొలలకీ, కాళ్లలో సిరలు ఉబ్బినవాళ్లకీ డాక్టర్లు రాస్తూనే ఉంటారు. సిరల జబ్బు వల్ల వచ్చే వాపు దీంతో కొంత తగ్గొచ్చు కూడా. బోదకాలు వేరు. దోమకాటుతో ఒంట్లోకి చేరిన ఫైలేరియా పురుగులు శోషరస నాళాల్లో ఏళ్ల తరబడి కాపురముండి, వాటి కవాటాలను పాడుచేస్తాయి. ప్రోటీన్లున్న ద్రవం కాల్లోనే నిలిచిపోయి, పోనుపోను చర్మం దళసరెక్కి గట్టిపడుతుంది. పాడైన కవాటాన్ని ఏ ఫ్లేవనాయిడూ బాగుచెయ్యదు. ఈ కుటుంబం మందులన్నిటి మీదా జరిగిన ప్రయోగాలను 2004లో, వైద్య ప్రయోగాలను బేరీజు వేసే కోక్రేన్ సంస్థ సమీక్షకులు పరిశీలించారు. శోషరసం వాపుకు ఇవి పనిచేస్తాయో లేదో తేల్చడానికి ఆ ప్రయోగాల నాణ్యత చాలదన్నారు. అంటే పనిచెయ్యవని రుజువైందని కాదు. మూడు నెలల్లో కాలు సన్నబడుతుందని గ్యారంటీ ఇచ్చే హక్కు మాత్రం ఎవరికీ లేదు.

"మొక్కల మందు, సైడ్ ఎఫెక్టులుండవు" అన్నదానికి కౌమరిన్ కథే జవాబు. అదీ మొక్కల్లో దొరికేదే, రసాయనపరంగా ఫ్లేవనాయిడ్లకు దగ్గరి చుట్టం. శోషరసం వాపు తగ్గిస్తుందని 1993లో న్యూ ఇంగ్లాండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో వచ్చింది. బోదకాలు రోగుల మీదా వాడి చూసి, తగ్గిందని రాశారు. తీరా కాలేయం దెబ్బతింటోందని 1996లో ఆస్ట్రేలియా దాన్ని మార్కెట్ నుంచి తీసేసింది. 1999లో అదే జర్నల్‌లో, రొమ్ము క్యాన్సర్ చికిత్స తర్వాత చెయ్యి వాచిన 140 మంది మహిళలపై జరిగిన అమెరికా ప్రయోగం ఫలితం వచ్చింది: వాపు తగ్గలేదు సరికదా, 6 శాతం మందికి కాలేయ పరీక్షల్లో తేడా కనిపించింది. డయోస్మిన్ అంత ప్రమాదకరమని నేననను. దాంతో మామూలుగా వచ్చేది కడుపులో తిప్పడం, విరేచనాలు, తలనొప్పి. కానీ మొక్క నుంచి తీసినంత మాత్రాన మందు మందు కాకుండా పోదు.

ఇక మసాజ్. మెసేజ్‌లో ఎక్కువ చేటు చేసేది ఇదే. శోషరసాన్ని నడిపించే మర్దన నిజంగానే ఉంది. 1930ల్లో డెన్మార్క్‌కు చెందిన ఎమిల్ వోడర్ దాన్ని రూపొందించారు. అందులో గట్టిగా నొక్కడమన్నదే ఉండదు. ఆ నాళాలు చర్మం కిందే పలచగా ఉంటాయి, గట్టిగా నొక్కితే మూసుకుపోతాయి. చర్మం కదలాలి, లోపలి కండ చేతికి తగలకూడదు. పైకి నిమరాలన్నది నిజమే, కానీ మొదలుపెట్టేది పాదం దగ్గర కాదు. ముందు పొట్ట, గజ్జలు, తర్వాత తొడ, ఆ తర్వాతే పిక్క, పాదం. అయ్యాక పొరలు పొరలుగా పట్టీ కట్టకపోతే సాయంత్రానికి వాపు మళ్లీ మొదటికే వస్తుంది. పట్టీ మాట మెసేజ్‌లో లేనే లేదు. ఆ కట్టడం కూడా కాలికి రక్తప్రసరణ బాగుందని డాక్టరు చూశాకే.

కాలు ఎర్రగా కాలిపోతూ, చలిజ్వరం వచ్చి, గజ్జల్లో బిళ్ళ కట్టినప్పుడు మర్దన అసలు పనికిరాదు. దాన్ని మనవాళ్లు బోదజ్వరం అంటారు. చాలాసార్లు కారణం వేళ్ల సందుల నుంచి లోపలికి వెళ్లిన బాక్టీరియా. ఊడ్పుల రోజుల్లో షాపుకొచ్చే ఆడవాళ్ల కాళ్లు చూడండి: నాలుగో వేలికీ చిటికెన వేలికీ మధ్య చర్మం తెల్లగా పాచిపోయి, చీలి ఉంటుంది. జ్వరం వచ్చిన ప్రతిసారీ కాలు ఇంకాస్త లావెక్కుతుంది. అందుకే రోజూ సబ్బుతో కడిగి, సందులు తడి లేకుండా అద్ది, పాచి ఉంటే ఆయింట్‌మెంట్ రాసి, పడుకున్నప్పుడు కాలు ఎత్తులో పెట్టుకోమంటారు. ప్రభుత్వం బోదకాలు రోగులకిచ్చే కిట్‌లో టబ్బు, మగ్గు, సబ్బు, తువ్వాలు ఉండేది ఇందుకే. ఆ టబ్బులో బియ్యం పోసుకున్న ఇళ్లూ నాకు తెలుసు!

"విషాలు పోతాయి" అన్న మాట మీద ఎక్కువ చెప్పక్కర్లేదు. ఆ పని కాలేయానిదీ మూత్రపిండాలదీ. కాకపోతే కవిటి, కంచిలి, సోంపేట వైపు వాళ్లకి ఒక మాట. కిడ్నీ జబ్బులు ఎక్కువున్న మీ ఉద్దానంలో క్రియాటినిన్ (కిడ్నీల పనితీరు చెప్పే రక్తపరీక్ష) అంటే తెలియని ఇల్లుండదు. రెండు పాదాలూ ఒకేలా వాచి, పొద్దున లేచేసరికి ముఖం ఉబ్బుతుంటే అది బోదకాలు కాకపోవచ్చు, ముందు రక్తపరీక్ష చేయించండి. కిడ్నీ, గుండె బలహీనంగా ఉన్నవాళ్లకి ఈ మర్దన, పట్టీలు రెండూ ప్రమాదమే.

డీఈసీతో ముదిరిన వాపు తగ్గదన్నది నిజం. అసలు 2004లో దేశమంతా మొదలైన సామూహిక పంపిణీ వాపు తగ్గించడానికి కాదు. రక్తంలోని పురుగు పిల్లల్ని చంపి, దోమ ద్వారా పక్కింటి పిల్లలకి అంటకుండా ఆపడానికి. మింగాక కొందరికి జ్వరం, తలతిప్పుడు వస్తాయి, లోపల పురుగులు చస్తున్నందుకే సాధారణంగా అలా అవుతుంది. మీ ఊళ్లో పంపిణీ ఉందని ఆశా కార్యకర్త చెబితే భోజనం చేసి ఆమె ముందే మింగెయ్యండి. రెండేళ్ల లోపు పిల్లలకీ, గర్భిణులకీ, జబ్బుతో మంచాన ఉన్నవాళ్లకీ మాత్రం వెయ్యకూడదు.