చీర పోయింది, డబ్బూ పోయింది, పైగా అకౌంట్ ఫ్రీజ్: ఆన్‌లైన్‌లో అమ్ముకునేవాళ్ళ గోడు ఎవరికీ పట్టదా?

యూపీఐ మోసం అనగానే మనకి గుర్తొచ్చేది డబ్బులు పోగొట్టుకున్న మనిషే. వాళ్ళ బాధ చిన్నదేం కాదు. కానీ ఆ పోయిన డబ్బు నాలుగు చేతులు మారి ఎక్కడో ఒక చోట పడుతుంది కదా, ఆ పడిన అకౌంట్ దొంగదే అయ్యుండాలని ఏం లేదు, ఒక్కోసారి అది ఇంట్లో కూర్చుని వాట్సాప్‌లో చీరలో పచ్చళ్ళో వన్ గ్రామ్ గోల్డ్ నగలో అమ్ముకునే ఆవిడ అకౌంట్ అవుతుంది. ఆవిడ గురించి మాట్లాడేవాళ్ళు లేరు, అందుకే రాస్తున్నా.

ఫేక్ స్క్రీన్‌షాట్ల సంగతి అందరికీ తెలిసిందే. పేమెంట్ అయినట్టు చూపించే డూప్లికేట్ యాప్‌లు ఉన్నాయి, పేరు, టైమ్, 12 అంకెల యూటీఆర్ నంబర్ (ఆ పేమెంట్ గుర్తింపు నంబర్) అన్నీ అచ్చం అలాగే కనిపిస్తాయి, అందుకే బ్యాంక్ యాప్ తెరిచి బ్యాలెన్స్ చూసుకోకుండా పార్సెల్ కట్టొద్దని సెల్లర్స్ గ్రూపుల్లో ఒకరికొకరు చెప్పుకుంటూనే ఉంటారు. ఆర్మీలో చేస్తున్నా అని నమ్మించి క్యూఆర్ స్కాన్ చేయించేవాళ్ళు, కలెక్ట్ రిక్వెస్ట్ (డబ్బు పంపమని యాప్‌లో అడిగే రిక్వెస్ట్) పంపి పిన్ కొట్టించేవాళ్ళు కూడా పాతవాళ్ళే (మనిషి నుంచి మనిషికి పంపే కలెక్ట్ రిక్వెస్టులని 2025 అక్టోబర్ 1 నుంచి యూపీఐని నడిపే ఎన్పీసీఐ ఆపేసింది, మంచి పని చేసింది). కొత్త చీర ఉంచుకుని పాత చీర పెట్టి రిటర్న్ పంపేవాళ్ళ దెబ్బకే "కట్ లేకుండా ఓపెనింగ్ వీడియో ఉంటేనే రిటర్న్" అనే రూల్ వచ్చింది. వీటన్నిటి నుంచీ కాస్త జాగ్రత్తగా ఉంటే బయటపడొచ్చు. నేను చెప్పేది ఎంత జాగ్రత్తగా ఉన్నా తప్పించుకోలేని దాని గురించి.

మంగళగిరిలో ఒకావిడ ఉందనుకోండి. ఫోన్‌లో ఫోటోలు పెట్టి చీరలు అమ్ముతుంది. ఒక కస్టమర్ 4,200 రూపాయల చీర సెలెక్ట్ చేసుకున్నాడు, డబ్బు నిజంగానే పడింది, ఈవిడ బ్యాలెన్స్ చూసుకుంది, కొరియర్ చేసింది, ట్రాకింగ్ నంబర్ పెట్టింది, చీర అందింది. కొన్ని వారాలు పోయాక నూలు షాపుకి డబ్బు పంపబోతే పోవట్లేదు. బ్రాంచ్‌కి పరిగెత్తితే "మీ అకౌంట్ మీద సైబర్ కంప్లైంట్ ఉందమ్మా, వేరే స్టేట్‌ది, మా చేతిలో ఏం లేదు, ఆ స్టేషన్‌తో మాట్లాడుకోండి" అని ఒక నంబర్ రాసిస్తారు. ఆ నంబర్ ఎత్తేవాళ్ళు ఉండరు, ఎత్తినా ఈవిడకి ఆ భాష రాదు.

జరిగింది ఏంటంటే, ఎక్కడో ఎవరినో పోలీసులమని ఫోన్ చేసి డిజిటల్ అరెస్ట్ అని బెదిరిస్తే వాళ్ళు డబ్బు పంపేసి, తర్వాత మోసమని తెలుసుకుని సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేశారు. 2021లో మొదలైన సిస్టమ్ ఇది, మొదట్లో నంబర్ 155260 ఉండేది. కంప్లైంట్ పడగానే డబ్బు ఏ అకౌంట్ నుంచి ఏ అకౌంట్‌కి వెళ్ళిందో బ్యాంకులు వరసగా వెతుక్కుంటూ పోతాయి, మొదటి అకౌంట్ లేయర్ వన్, అక్కడి నుంచి వెళ్ళినవి లేయర్ టూ, అలా మూడు, నాలుగు. దొంగ ఆ డబ్బులో నుంచి ఒక చీర కొన్నాడు. అంతే, మన మంగళగిరి ఆవిడ కూడా ఆ లిస్టులోకి ఎక్కేసింది. కంప్యూటర్‌కి చీర కనపడదు, డబ్బు పడిందా లేదా అన్నదే కనపడుతుంది.

దీనికి చట్టం లేదా అంటే ఉంది. ఒకప్పటి క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ (సీఆర్‌పీసీ) 102వ సెక్షన్, ఇప్పుడు దాని బదులు వచ్చిన బీఎన్ఎస్ఎస్‌లో 106వ సెక్షన్. అనుమానం ఉన్న ఆస్తిని పోలీసులు స్వాధీనం చేసుకోవచ్చు, చేసుకున్న వెంటనే మెజిస్ట్రేట్‌కి రిపోర్ట్ చేయాలి. బ్యాంక్ అకౌంట్ కూడా ఆ ఆస్తి కిందకే వస్తుందని సుప్రీంకోర్టు తపస్ నియోగి కేసులో చెప్పింది 1999లో. ఆ సంవత్సరం ఒకసారి గుర్తు చేసుకోండి, అప్పటికి యూపీఐ లేదు, మనలో చాలామందికి బ్యాంక్ అంటే పాస్‌బుక్కే. ఇప్పుడు ఆ అకౌంట్‌లోనే పాల డబ్బులు, పిల్లల ఫీజులు, గ్యాస్ బుకింగ్, డ్వాక్రా కిస్తీ అన్నీ నడుస్తున్నాయి, 4,200 కోసం దాన్ని మొత్తం బిగించేస్తే ఆగిపోయేది ఒక చీర డబ్బు కాదు, ఒక ఇల్లు. 2023లో కేరళ హైకోర్టు ముందుకి ఇలాంటివాళ్ళు చాలామంది వెళ్తే, పోలీసులు ఎంత అమౌంట్ రాశారో అంతవరకే ఆపండి, మిగతా అకౌంట్ జోలికి పోవద్దు అని బ్యాంకులకి చెప్పింది. ఇంత సింపుల్ మాట కోసం జనం హైకోర్టు దాకా వెళ్ళాల్సి వచ్చింది. మంగళగిరి ఆవిడ ఏ కోర్టుకి వెళ్తుంది చెప్పండి, లాయర్ ఫీజు చీర ఖరీదుకి ఎన్ని రెట్లు?

ఇప్పుడు అటుపక్క చూడండి. 2017 జులై 6న ఆర్బీఐ ఇచ్చిన సర్క్యులర్ ప్రకారం బ్యాంక్ తప్పూ మన తప్పూ లేకుండా వేరేవాళ్ళ వల్ల అకౌంట్‌లో డబ్బు పోతే, 3 వర్కింగ్ డేస్ లోపు చెప్తే కస్టమర్ మీద పైసా భారం ఉండదు, చెప్పిన 10 వర్కింగ్ డేస్‌లో బ్యాంక్ ఆ డబ్బు తిరిగి వేయాలి, కస్టమర్‌దే తప్పు అంటే అది రుజువు చేయాల్సింది బ్యాంకే. చాలా మంచి రూల్, నేను దాన్ని వంద శాతం సపోర్ట్ చేస్తా. కానీ అది డబ్బు పోయినవాళ్ళ కోసం రాసింది. నిజాయితీగా వస్తువు ఇచ్చి డబ్బు అందుకున్నవాళ్ళ విషయానికి వచ్చేసరికి అంతా తలకిందులు, ముందు అనుమానం, తర్వాత విచారణ, రుజువు చేసుకోవాల్సింది వాళ్ళే. ఒక వైపు 3 రోజులు, 10 రోజులు అని లెక్క, ఇంకో వైపు "స్టేషన్‌తో మాట్లాడుకోండి".

ఇంతకన్నా దారుణమైనది ఇంకోటి ఉంది. 5,000 ఆర్డర్‌కి 15,000 పడుతుంది. "అయ్యో మేడమ్ పొరపాటున ఎక్కువ కొట్టేశా, 10,000 ఈ నంబర్‌కి వేసేయరా, ఆస్పత్రిలో ఉన్నాం" అని ఫోన్. బ్యాలెన్స్ చూస్తే నిజంగానే పడ్డాయి, కాబట్టి స్క్రీన్‌షాట్ మోసం కాదు అనుకుని మంచి మనసుతో వెనక్కి వేసేస్తారు. అది ఎవరిదో దోచుకున్న డబ్బు. తర్వాత మొత్తం 15,000 మీద హోల్డ్ పడుతుంది, అంటే ఆ డబ్బు వాడుకోకుండా బ్యాంక్ ఆపేస్తుంది, వెనక్కి పంపిన 10,000 పోయింది, సరుకు పోయింది, పైగా పోలీస్ రికార్డులో దొంగ డబ్బుని దాటించిన మనిషిగా పేరు. దయచేసి గుర్తు పెట్టుకోండి, ఎక్కువ పడితే ఎవరు అడిగినా వేరే నంబర్‌కి పంపకండి, మీ బ్యాంక్‌కి రాసిచ్చి వచ్చిన అకౌంట్‌కే బ్యాంక్ ద్వారా పంపించమనండి.

ఫారిన్‌కి పంపేవాళ్ళది ఇంకో తలనొప్పి. మన దగ్గర ఆన్‌లైన్‌లో కార్డుతో కట్టాలంటే 2009 నుంచే ఓటీపీ లాంటి రెండో చెక్ ఉండాలి, అమెరికా కార్డులకి చాలావరకు అది ఉండదు. డల్లాస్ నుంచి ఆవకాయ, గోంగూర ఆర్డర్ వస్తుంది, డబ్బా అందుతుంది, తర్వాత కార్డు ఓనర్ "ఇది నేను కొనలేదు" అని తన బ్యాంక్‌కి చెప్తే చార్జ్‌బ్యాక్, అంటే మనకి వచ్చిన డబ్బు వెనక్కి లాగేసుకోవడం. వీసా, మాస్టర్‌కార్డ్ రూల్స్‌లో చాలా రకాల కంప్లైంట్లకి 120 రోజుల దాకా టైమ్ ఉంటుంది, అంటే ఇవాళ అమ్మిన పచ్చడి డబ్బు నాలుగు నెలల దాకా మనదో కాదో తెలియదు. కార్డు పేమెంట్లు నడిపించే గేట్‌వే కంపెనీ వాడు ఆ డబ్బు కోసేసుకుని, ఒప్పందాన్ని బట్టి పైన ఫీజు కూడా వేస్తాడు. అక్కడ కనీసం డెలివరీ ప్రూఫ్ పెట్టి పోరాడటానికి ఒక దారి ఉంది. యూపీఐ హోల్డ్ పడినావిడకి ఆ దారి కూడా ఎవరూ చూపించట్లేదు.

పోలీసుల వైపు వాదన కూడా ఉంది, కాదనను. మోసం డబ్బు నిమిషాల్లో పది అకౌంట్లు మారిపోతుంది, వెంటనే బిగించకపోతే బాధితుడికి రూపాయి మిగలదు, పైగా దొంగ డబ్బు దాటించడానికి అద్దె అకౌంట్లు నడిపేవాళ్ళు కూడా మేం చీరల వ్యాపారం అనే చెప్తారు. నిజమే. వెంటనే ఆపండి, ఎవరూ వద్దనట్లేదు. ఆపాల్సింది ఆ 4,200ని. బిల్లు, కొరియర్ ట్రాకింగ్, చాట్, ఏళ్ళ తరబడి నడుస్తున్న చిన్న చిన్న పేమెంట్లు ఉన్న అకౌంట్‌కీ, నిన్న తెరిచి ఇవాళ లక్షలు దాటించిన అకౌంట్‌కీ తేడా బ్యాంక్ కంప్యూటర్ ఒక్క చూపులో చెప్పగలదు, అడగాలని ఉండాలి అంతే.

అసలు నన్ను రగిలించేది వేరే. మన నేత పల్లెల్లో తరతరాలుగా మగ్గం ఒకడిది, లాభం ఇంకొకడిది. షావుకారో మాస్టర్ వీవరో నూలు ఇస్తాడు, మజూరీ ఇస్తాడు, చీర తీసుకుపోతాడు, షోరూమ్‌లో దాని మీద వేసే రేటు నేసినవాడికి తెలియను కూడా తెలియదు. పోచంపల్లి ఇక్కత్‌కి 2005లోనే జీఐ గుర్తింపు (ఫలానా ఊరి సరుకు అని చట్టం ఇచ్చే ముద్ర) వచ్చింది, దాంతో పేరు పెరిగింది, నేసినవాడి చేతికి ధర వచ్చిందా అంటే ఆ ఊళ్ళోకి వెళ్ళి అడగండి. ఈ సంకెళ్ళని మొదటిసారి గట్టిగా కదిలించింది గవర్నమెంట్ స్కీమ్ కాదు, ఆడపిల్లల చేతిలో ఉన్న ఫోన్. పోచంపల్లిలో, ఉప్పాడలో, వెంకటగిరిలో, గద్వాలలో కోడళ్ళు, కూతుళ్ళు మగ్గం మీద చీర ఉండగానే వీడియో తీసి పెట్టి నేరుగా కస్టమర్‌కి అమ్మారు, మధ్యలో ఎవడూ లేడు. ఇది మామూలు విషయం కాదు, దీన్ని నేను స్వాతంత్ర్యం అనే అంటాను.

ఒక్కసారి అకౌంట్ ఫ్రీజ్ అయిన ఇంట్లో ఏం జరుగుతుందో ఆలోచించండి. మగవాళ్ళు "నీకెందుకీ ఆన్‌లైన్ గొడవ, పోలీసులు మన పేరు రాసుకున్నారంట" అంటారు. ఆ అమ్మాయి ఫోన్ పక్కన పెడుతుంది, చీరలు మళ్ళీ షావుకారు ఇంటికి వెళ్తాయి, లేదా పెద్ద ప్లాట్‌ఫామ్‌లో కమిషన్ కట్టి లిస్ట్ చేసుకుంటుంది, అది ఇంకో షావుకారు. అందుకే ఇది సైబర్ క్రైమ్ సమస్య మాత్రమే అంటే నేను ఒప్పుకోను, ఇది చేనేత సమస్య, ఆడవాళ్ళ సంపాదన సమస్య.

చేయాల్సినవి ఏం పెద్ద విషయాలు కావు. గొడవలో ఉన్న అమౌంట్ వరకే హోల్డ్, అకౌంట్ మొత్తం బిగించాలంటే ఎందుకో రాతపూర్వకంగా కారణం. అమ్మిన మనిషి తన బిల్లు, ట్రాకింగ్, చాట్ పట్టుకుని సొంత జిల్లా సైబర్ స్టేషన్‌కి వెళ్తే చాలు, అక్కడివాళ్ళే చూసి వేరే రాష్ట్రం వాళ్ళకి పంపించాలి, తెలంగాణలో సైబర్ సెక్యూరిటీ బ్యూరో అని ప్రత్యేకంగా ఒక వ్యవస్థే పెట్టుకున్నాం కదా, ఆ పని అక్కడ మొదలుపెట్టొచ్చు. ఆంధ్రాలో చేనేత సహకార సంస్థ ఆప్కో ఉంది, ఇటు తెలంగాణ చేనేత సహకార సంస్థ ఉంది, చీరలు కొని అమ్మడంతో పాటు "ఈవిడ మా దగ్గర రిజిస్టర్ అయిన నేతన్న కుటుంబం, ఇది నిజమైన అమ్మకం" అని బ్యాంక్‌కీ పోలీసులకీ ఒక లెటర్ ఇచ్చే డెస్క్ పెట్టడానికి వాళ్ళకి ఏం అడ్డం? ఆగస్టు 7న చేనేత దినోత్సవం అని స్టేజీల మీద నేత చీర కట్టుకుని ఫోటోలు దిగే నాయకులని ఈసారి ఈ ఒక్క ప్రశ్న అడగండి, మీ నియోజకవర్గంలో ఎంతమంది సెల్లర్స్ అకౌంట్లు హోల్డ్‌లో ఉన్నాయో లెక్క తీశారా అని.