ఇంటిపని వేళ్లకు వ్యాయామం కాదు

చెన్నై పశ్చిమ మాంబళంలో ఉండే మా పెద్దమ్మ డెబ్బై దాటినా వాకిట్లో ముగ్గు మానలేదు. నిరుడు ధనుర్మాసంలో మాత్రం బొటనవేలికీ చూపుడువేలికీ నడుమ పిండి నిలవక, గీత మాటిమాటికీ తెగిపోతుంటే, చేయి దులుపుకుని లేచిపోయింది. అది వేలి కీళ్ల అరుగుదల (ఆస్టియో ఆర్థ్రైటిస్). వేళ్లకు వ్యాయామం చేయమంటే, "పొద్దస్తమానం ఈ చేతులతోనేగా చాకిరీ, ఇంకా వేరే వ్యాయామమేమిటిరా?" అంది.

ఆ ప్రశ్న సహజమే కానీ, అందులో పొరపాటు ఉంది. చింతపండు పిసికినా, తడిబట్టలు పిండినా, సీసా మూత తిప్పినా చేయి ముడుచుకుని బిగుస్తుందే తప్ప పూర్తిగా విచ్చుకోదు. పైగా వేలికొసలతో ఒక కిలో బలంతో నొక్కి పట్టుకుంటే, బొటనవేలు మణికట్టు దగ్గర మొదలయ్యే చోటి కీలుపై దాదాపు 12 కిలోల ఒత్తిడి పడుతుందని అంచనా. మృదులాస్థి (ఎముకల కొసలను కప్పే మెత్తని పొర) అరిగిన కీలు రోజంతా మోసేది ఆ భారాన్నే.

వ్యాయామం ఉద్దేశం వేరు. వేళ్లను కొసల నుంచి కొక్కెంలా వంచి, నెమ్మదిగా పిడికిలి చేసి, మళ్లీ పూర్తిగా చాపాలి. బొటనవేలిని ఒక్కొక్క వేలికొసకూ తాకించి సున్నా చుట్టాలి. తర్వాత దానిని అరచేతికి దూరంగా తెరవాలి. గోరువెచ్చని నీళ్లలో చేతులుంచాక చేస్తే బిగువు సడలుతుంది. చేశాక వచ్చిన నొప్పి రెండు గంటల తర్వాత కూడా తగ్గకపోతే, మర్నాడు మోతాదు తగ్గించాలి. పొద్దుటి బిగువు అరగంట దాటి, కీళ్లు వాచి వేడెక్కుతుంటే అది వేరే రకం వాతం కావచ్చు కనుక ముందు వైద్యుణ్ణి కలవాలి.

దీనిని సర్వరోగ నివారిణిగా చెప్పడం తప్పు. వేలి కణుపుల దగ్గర లేచిన బుడిపెలు కరగవు. వైద్య పరిశోధనలను కలిపి తూచే కాక్రేన్ సంస్థ 2017 నాటి సమీక్షలో, వ్యాయామంతో చేతి నొప్పి 10 పాయింట్ల కొలతపై సగటున అర పాయింటే తగ్గింది. అయినా అమెరికా కీళ్లవ్యాధుల వైద్యుల 2019 మార్గదర్శకాలు వ్యాయామాన్ని గట్టిగా సిఫార్సు చేశాయంటే, ఖర్చు లేకపోవడం, హాని తక్కువ కావడం కూడా లెక్కలోకి వచ్చాయనే నేను అర్థం చేసుకుంటున్నాను.

నన్ను బాధించేది నేర్పే తీరు. పెద్దమ్మ చూపించుకున్న చోట ఒక స్పాంజి బంతి పిసకమని చెప్పి పంపేశారు. బొటనవేలి మొదట్లోని కీలు అరిగినవారికి గట్టిగా పిసకడమే నొప్పి పెంచవచ్చు. గిండీలో 2024లో వృద్ధుల కోసం జాతీయ వైద్య కేంద్రం ప్రారంభమైన ఈ నగరంలో, పెద్దల చేయి పట్టుకుని, వాళ్లకు తెలిసిన భాషలో, తమిళమైనా తెలుగైనా, పది నిమిషాలు చేసి చూపించే ఫిజియోథెరపిస్టు ప్రతి పేట ఆసుపత్రిలోనూ ఉండాలి.

పెద్దమ్మకు చివరికి అలా ఒకరు నేర్పారు. ఇప్పుడు గిన్నెలు తోమడం అయ్యాక కిటికీ దగ్గర కూర్చుని, బొటనవేలిని చిటికెనవేలి వైపు జరుపుతుంది. రెండింటి మధ్య ఇంకా ఒక బియ్యపుగింజంత ఎడం మిగిలే ఉంది.