నొక్కాలా, గీకాలా?

(డల్లాస్ శివారులో ఒక ఇంటి గరాజ్. కాల్చిన తూటా తొడుగులను మళ్లీ నింపుకోవడం టెక్సాస్‌లో చాలామందికి వారాంతపు వ్యాపకం. బల్ల పక్కన బకెట్ నిండా 5.56 మి.మీ. రైఫిల్ తూటాల ఇత్తడి తొడుగులు. తూటాను అంటించే చిన్న మందు బిళ్ల, అంటే ప్రైమర్, తొడుగు అడుగున ఉన్న గుంటలోకి దిగనని మొరాయిస్తోంది.)

సుధాకర్: బావగారూ, వరుసగా ఇది మూడోది. ఇంకాస్త గట్టిగా నొక్కితే దిగదా?

బావగారు: ముందు చేయి తీయి. అది మేకు కాదు, అందులో మందు ఉంది. కళ్లద్దాలేవి? సైన్యం తొడుగులివి. కాల్పుల మధ్య ప్రైమర్ ఊడి తుపాకీ లోపల ఇరుక్కోకుండా గుంట అంచును నొక్కి బిగిస్తారు. పాత ప్రైమర్ పోయినా క్రింప్ అనే ఆ బిగింపు పోదు.

సుధాకర్: అందుకేగా రీమర్ కొన్నాను! డ్రిల్లుకు తగిలిస్తే క్షణంలో అంచు గీకేస్తుంది. మీ స్వేజింగ్ యంత్రం ఖరీదులో ఇది ఏ మూలకు?

బావగారు: గీకిన ఇత్తడిని మళ్లీ అతికిస్తావా? స్వేజింగ్‌లో ఉక్కు కడ్డీ ఆ అంచును వెనక్కి తోస్తుంది, అంతే. లోహం ఎక్కడికీ పోదు. చిన్న రైఫిల్ ప్రైమర్ వ్యాసం సుమారు 0.175 అంగుళాలు. గుంట అంతకంటే వెంట్రుకవాసి తక్కువ. ప్రైమర్‌ను పట్టి ఉంచేది ఆ బిగుతే. డ్రిల్లు ఒక్కసారి ఒరిగితే అది కాస్తా పోతుంది. అప్పుడు ప్రైమర్ పక్కనుంచి వేడి వాయువు తన్నుకొచ్చి, తూటా వెనక మూసుకునే బోల్టు ముఖాన్ని తినేస్తుంది.

సుధాకర్: మీ యంత్రం మాత్రం తక్కువదా? తొడుగు లోపల ఆనించే కడ్డీని అడుగుభాగం మందాన్ని బట్టి సరిచేయాలి. ఈ బకెట్‌లో నాలుగు ఫ్యాక్టరీల సరుకుంది. అడుగు పలుచనైతే క్రింప్ సగమే పోతుంది, మందమైతే గుంట మరీ వెడల్పవుతుంది.

బావగారు: అడుగున ముద్ర చూసి వేరు చేసుకో. బియ్యంలో రాళ్లు ఏరమా?

సుధాకర్: వెయ్యి తొడుగులు ఏరేసరికి నా ఆదివారం చెల్లిపోతుంది.

(ఇక్కడ నా ఓటు సుధాకర్‌కే. కలగాపులగం సరుకుకు రీమరే నయం. డ్రిల్లు విషయంలో మాత్రం బావగారితోనే ఉంటాను.)

బావగారు: సరే, గీకు. కానీ చేత్తో తిప్పు. అంచు మెరిసిందా, ఆపు. ప్రైమర్ దిగాక వేలితో తడిమి చూడు. అడుగుకు సమంగా గానీ, రవ్వంత లోపలికి గానీ ఉండాలి. పైకి పొడుచుకొచ్చిందా, నీ ఏఆర్ రైఫిల్ బోల్టు మూసుకునేటప్పుడే పేలే ప్రమాదం ఉంది. ప్రైమర్‌ను కొట్టే దాని ఫైరింగ్ పిన్‌ను వెనక్కి పట్టే స్ప్రింగ్ ఉండదు.

(సుధాకర్ రీమర్‌ను పిడికి బిగించి నాలుగు చుట్లు తిప్పాడు. ప్రైమర్ కాస్త బెట్టు చేసి దిగింది. వేలికి ఏమీ తగల్లేదు. ఉత్సాహంగా పక్క డబ్బాలోంచి మరో తొడుగు తీశాడు. ఈసారి ప్రైమర్ జారినట్టే వెళ్లి కూర్చుంది.)

బావగారు: ఇది నిన్న డ్రిల్లుతో చేసినదా?

సుధాకర్: ...ఆ డబ్బా అంతా అవే.