ఏం పని వచ్చో ముందు అడగండి

నిరుద్యోగ యువత సొంతంగా పని పెట్టుకోవడానికి తెలంగాణ సర్కారు సబ్సిడీ, బ్యాంకు అప్పు ఇప్పిస్తామన్న పథకం రాజీవ్ యువ వికాసం. దాని మీద చర్చంతా సిబిల్ స్కోరు (పాత అప్పులు ఎలా కట్టారో చూపే మార్కు) చుట్టూనే తిరిగింది. 2025 మార్చిలో ప్రకటన, ఏప్రిల్ 14 దాకా దరఖాస్తులు, 5 లక్షల మందికి ఇస్తామంటే 16 లక్షలకు పైగా అర్జీలు, జూన్ 2న ఇవ్వాల్సిన మంజూరు పత్రాల వాయిదా... ఇదంతా తెలిసిందే. నా అభ్యంతరం వేరు. అర్హులెవరో తేల్చడానికి పడుతున్న తంటాలో పదో వంతు కూడా, ఏ మనిషికి ఏ పని సరిపోతుందో తేల్చడానికి పడటం లేదు.

ఆ రోజుల్లో మీసేవ ముందు లైన్లు చూసినవాళ్లకు గుర్తుండే ఉంటుంది. చేతిలో ఆధార్, రేషన్ కార్డు, కుల, ఆదాయ ధ్రువీకరణ పత్రాల జిరాక్సులు. ఊళ్లో అయితే లక్షన్నర, పట్టణంలో అయితే 2 లక్షల లోపు ఆదాయమా, వయసు సరిపోయిందా, అన్నీ ఒకటికి రెండుసార్లు చూస్తారు. యూనిట్ (పెట్టబోయే వ్యాపారం) పేరు దగ్గరికి వచ్చేసరికి కంప్యూటర్ ముందున్న పిల్లగాడు "ఏం పెట్టాలె అక్కా?" అంటాడు. వెనక జనం తోసుకుంటుంటారు. "ఏదో ఒకటి పెట్టు తమ్మీ" అంటుందామె. కిరాణా కొట్టు పడుతుంది. ఇంట్లో ఏళ్ల తరబడి కుట్టుమిషన్ తొక్కిన మనిషని ఎవరికీ తెలియదు. ఇలా ఒక్క ఊరికే నాలుగు కిరాణా కొట్లు, మూడు టెంట్ హౌస్‌లు మంజూరైతే అవి ఎన్నాళ్లు నడుస్తాయి?

జగిత్యాల, సిరిసిల్ల, ఆర్మూర్ వైపు గల్ఫ్ ఏజెంట్ ఏం చేస్తాడో చూడండి. విజిట్ వీసా మీద పంపి కొంపలు ముంచిన ఏజెంట్లు ఉన్నారు, వాళ్లను నేను వెనకేసుకు రావడం లేదు. కానీ అతను అడిగే మొదటి మాట "ఏం పని వస్తది?" అని. సెంట్రింగా, స్టీల్ ఫిట్టింగా, ఏసీ మెకానిక్కా? కంపెనీవాళ్లు వస్తే పని చేయించి మరీ చూస్తారు, దాన్నే ట్రేడ్ టెస్ట్ అంటారు. అదే మనిషి దుబాయిలో పదేళ్లు ఏసీలు బిగించి తిరిగొస్తే మన మండలాఫీసులో అతను నిరుద్యోగి, అంతే. సర్టిఫికెట్ లేకుండానే పని నేర్చినవాళ్లను పరీక్షించి గుర్తించే ఏర్పాటు ప్రధానమంత్రి కౌశల్ వికాస్ యోజనలో ఉంది, ఆర్‌పీఎల్ అంటారు. దాన్ని ఈ ఎంపికకు ముడిపెట్టడానికి కొత్త చట్టమేమీ అక్కర్లేదు.

బ్యాంకులు చెప్పేదీ ఉంది. అది డిపాజిటర్ల సొమ్ము, వడపోత లేకపోతే పైరవీకారులే మిగులుతారు అంటారు. వడపోత ఉండాల్సిందే. కానీ లెక్క చూడండి: 50 వేల లోపు యూనిట్‌కు సబ్సిడీ నూటికి నూరు శాతం, అక్కడ బ్యాంకు రూపాయి పెట్టదు. లక్ష యూనిట్‌కు 90 శాతం, అంటే బ్యాంకు పెట్టేది 10 వేలు. 4 లక్షల యూనిట్‌కైనా 70 శాతం సర్కారుదే. 10 వేల అప్పు కోసం పాత స్కోరు తవ్వి మనిషిని పక్కన పెడతారా?

పైగా ఆ స్కోరు ఎందుకు పడిపోయింది? 2018 ఎన్నికల్లో లక్ష మాఫీ అన్నారు, అది ఏళ్లకేళ్లు సాగింది. 2024 జూలైలో 2 లక్షల దాకా మాఫీ మొదలైంది. ఈ మధ్యలో సర్కారు మాట నమ్మి లోన్ రెన్యువల్ చేసుకోని రైతుల ఖాతాలు మొండి బాకీలయ్యాయి. మాట ఇచ్చింది ప్రభుత్వాలు, మచ్చ పడింది రైతు పేరు మీద. ఆ మచ్చ చూపించి అతనికి దారి మూసేయడం అన్యాయం.

ఎవరిని తీసుకోవాలన్నది ఒక ఎత్తయితే, పని ఎక్కడ చూపిస్తారన్నది ఇంకో ఎత్తు. వరంగల్‌లోని ఆజంజాహి బట్టల మిల్లు పోయాక అక్కడి నేతన్నలు సూరత్, భివండి బాట పట్టారు. వాళ్లను వెనక్కి రప్పిస్తామనే 2017 అక్టోబర్‌లో గీసుగొండ, సంగెం మండలాల్లో కాకతీయ మెగా టెక్స్‌టైల్ పార్కుకు శంకుస్థాపన చేశారు. అయినా శిక్షణ కేంద్రాల్లో నేర్చుకున్న మన పిల్లలను ఇప్పటికీ హైదరాబాద్ బస్సెక్కిస్తున్నారు. గ్రామీణ యువతకు పని నేర్పడానికి కేంద్రం తెచ్చిన దీన్‌దయాళ్ పథకంలో శిక్షణ పొందినవారిలో కనీసం 70 శాతానికి ఉద్యోగం చూపించాలి, మూడు నెలలు చేస్తే లెక్కలో పడుతుంది. నాలుగో నెల రూం అద్దె కట్టలేక అమ్మాయి ఇంటికొచ్చేస్తే అడిగే నాథుడు లేడు.

2023 డిసెంబర్ 9న మహిళలకు ఉచిత బస్సు వచ్చాక మన దగ్గర ఆడవాళ్ల పనికి ఎల్లలు మారిపోయాయి. చార్జీల టెన్షన్ లేదు. షిఫ్టు వేళకు ఆ ఊరి నుంచి బస్సు ఉందా లేదా అన్నదే ఇప్పుడు ప్రశ్న. ఆర్టీసీ టైం టేబుల్, పార్కులోని కంపెనీల షిఫ్టు వేళలు, మండలంలో కుట్టుపని వచ్చిన ఆడవాళ్ల జాబితా, ఈ మూడూ ఒకే బల్ల మీద పెట్టుకుని కూర్చుంటే ఎవరికి ఎక్కడ పని చూపించొచ్చో తేలిపోతుంది. స్వయం సహాయక సంఘాల దగ్గర పేర్లు ఉన్నాయి. భూములిచ్చిన ఊళ్లున్న గీసుగొండ, సంగెం మండలాల్లోనే ముందు మొదలుపెట్టాలి, దానికి కలెక్టర్ ఆదేశం చాలు.