ఐస్ యాక్స్ మొనకి తొడుగు వేయరేం?

ఉత్తరకాశీ వెళ్లే షేర్ జీపుల్లో, గంగోత్రి దారిలో టీ కొట్ల దగ్గర ఎప్పుడూ ఇదే బాధ. కొండలెక్కేవాళ్లు బ్యాగుకి ఐస్ యాక్స్, అంటే మంచుకొండల మీద వాడే గొడ్డలి, ఎలాగోలా తగిలించేసి, మొన బయటికి పెట్టుకుని జనంలోకి వచ్చేస్తారు. గిరుక్కున తిరిగారంటే పక్కవాళ్ల కన్ను పోతుంది! మొన్న జీపులో ఒక పిల్లాడు నిద్రపోతున్నాడు. వాడి చెంపకి బెత్తెడు దూరంలో ఉక్కు మొన ఊగుతోంది. పాపం, వాళ్లమ్మ దారంతా చెయ్యి అడ్డం పెట్టుకునే కూర్చుంది. ఒళ్లు మండిపోయింది నాకు.

అదేమన్నా బ్రహ్మవిద్యా? బ్యాగు అడుగున లూప్ కుట్టింది ఎందుకు మరి? కర్రని పైనుంచి అందులో దూర్చి, తల లూప్‌కి ఆనాక కర్రని పైకి తిప్పి, పై పట్టీతో బిగించాలి. తలకి ఒకవైపు ఉండే వాడి ముక్కు బ్యాగు మధ్యవైపుకి ఉండాలి. ఇలా కడితే కర్ర చివరి మొన పైకొస్తుంది, సరిగ్గా వెనక నడిచేవాళ్ల మొహాల ఎత్తుకి. అందుకే దానికి రబ్బరు తొడుగు ఉండి తీరాలి. ముక్కుకీ, తలకి రెండోవైపు ఉండే వెడల్పాటి పలకకీ కూడా. తొడుగు పోతే పాత సైకిల్ ట్యూబు ముక్క చుట్టి కట్టండి, చాలు.

జీపు ఎక్కేముందు మాత్రం విప్పి, గుడ్డలో చుట్టి, పైన సామానుతో కట్టించండి. రెండు నిమిషాల పనండీ బాబూ!