బుడమేరు నీళ్ళు చివరికి ఎటు పోయాయి?

2024 సెప్టెంబరులో బుడమేరు విజయవాడ సింగ్ నగర్‌ని ముంచేసింది. టీవీ పెడితే పడవలు, డ్రోన్లు, పాల ప్యాకెట్లు. కొన్నాళ్ళకి అక్కడ నీళ్ళు తీశాయి, "హమ్మయ్య" అనుకుని అందరూ చానల్ మార్చారు. తీసిన నీళ్ళు ఎటు పోయాయని మాత్రం ఎవరూ అడగలేదు. మా దగ్గరికే వచ్చాయండీ. బుడమేరు కలిసేది కొల్లేట్లో. మాది కైకలూరు.

అక్కడ ఎండ కాస్తుంటే ఇక్కడ ఏలూరు రోడ్డు మీదికి నీళ్ళొచ్చాయి. ఆ రోడ్డు మీదున్న ఎడ్లగాడి వంతెన దగ్గర దాటే వీల్లేదు. కొల్లేటి మధ్య లంక ఊళ్ళో ఉండే మా పెద్దమ్మ ఫోన్ చేసి, "ఇక్కడ వాన చుక్క లేదురా, అయినా నీళ్ళు పెరుగుతూనే ఉన్నాయి" అంది. హైదరాబాద్‌లో నా పక్క సీటాయనకి ఇది చెబితే అర్థం కాలేదు. వాన లేకుండా వరదేంటి అన్నాడు. కొల్లేటి వాళ్ళకి వరద అంటే ఎప్పుడూ అంతే మరి. వాన ఎక్కడో పడుతుంది, బుడమేరు, తమ్మిలేరు, రామిలేరు, ఇంకా పేర్లు కూడా తెలియని డ్రెయిన్లు అన్నీ తెచ్చి ఇక్కడ పోస్తాయి. బయటికి పోయే దారి ఒక్కటే, ఉప్పుటేరు. సముద్రం చేరేదాకా దాదాపు 60 కిలోమీటర్లు. అది కూడా పూడిక, గుర్రపుడెక్క నిండిపోయి మూలుగుతూ పారుతుంది. సముద్రం పోటు మీద ఉంటే అసలు కదలదు.

ఇదంతా ఇప్పుడెందుకంటే, మొన్న మా ఊళ్ళో వాతావరణ మార్పుల మీద అవగాహన సదస్సు పెట్టారు. నేను ఊళ్ళోనే ఉన్నాను కాబట్టి వెళ్ళాను. ధ్రువాల్లో మంచు కరగడం గురించి గంట మాట్లాడారు. ఉప్పుటేరు మాట ఒక్కసారి కూడా రాలేదు. చివర్లో అందరం కలిసి డ్రెయిన్ గట్టు మీద కానుగ మొక్కలు నాటి ఫొటోలు దిగాం. నెల తిరక్కుండా పూడిక తీయడానికి పొక్లెయిన్ వచ్చింది. మొక్కలు మట్టితో సహా పోయాయి. నిజం చెప్పాలంటే ఆ ఊరికి ఆ ఏడాది జరిగిన అసలైన మేలు ఆ పొక్లెయినే. దానితో మాత్రం ఎవరూ ఫొటో దిగలేదు.

మొక్కలు వద్దనడం లేదు. మా ఊరి ప్రమాదం ఏంటో తెలుసుకోకుండా వేసే ప్రణాళిక దండగ అంటున్నాను. 1960ల్లో మిత్రా కమిటీ డెల్టా మురుగు పారుదల మీద చెప్పినప్పటి నుంచీ ఉప్పుటేరుని బాగుచేయాలన్న మాట నడుస్తూనే ఉంది. మా తాత విన్నాడు, మా నాన్న విన్నాడు, ఇప్పుడు నేను వింటున్నాను.

ఇక మన తప్పు సంగతి. ఇక్కడే అందరికీ కోపం వస్తుంది, నాకూ వచ్చేది. కొల్లేరుని 1999లో అభయారణ్యంగా ప్రకటించారు, 5వ కాంటూరు వరకు, అంటే సముద్ర మట్టానికి అయిదడుగుల ఎత్తు దాకా నీళ్ళు పరుచుకునే మేర, 308 చదరపు కిలోమీటర్లు. 2002లో ప్రపంచంలోని ముఖ్యమైన చిత్తడి నేలల రామ్‌సర్ జాబితాలో చేరింది. కాగితం మీద అంత గౌరవం వచ్చినా నేల మీద చేపల చెరువులే. 2006లో ఆపరేషన్ కొల్లేరు పేరుతో గట్లు పేల్చారు, మళ్ళీ లేచాయి. మా బాబాయికీ అందులో చెరువు ఉండేది. మా అక్క పెళ్ళి ఆ లీజు డబ్బుల మీదే జరిగింది. అందుకని చెరువుల వాళ్ళందరినీ దొంగలని తిట్టే హక్కు నాకు లేదు. జిరాయితీ భూమి, అంటే సొంత పట్టా భూమి ఉన్నవాడికి పరిహారం తేల్చకుండా గట్టు కొడితే వాడేం తినాలి? ఆ ప్రశ్న న్యాయమే. కానీ గట్టు వేసిన ప్రతిచోటా వరద నిలవాల్సిన జాగా పోతుందన్నదీ అంతే నిజం. ఆ జాగా పోయిన నీళ్ళు పెద్దమ్మ వాళ్ళ వీధిలోకి వచ్చాయి. బాబాయితో అదే అన్నాను. "అయితే చెరువు తీసేసి ఏం చెయ్యమంటావురా, నీలాగా కంప్యూటర్ కొట్టుకోనా?" అన్నాడు. దానికి నా దగ్గర జవాబు లేదు.

వేసవిలో కథ తిరగబడుతుంది. కొల్లేట్లో నీళ్ళు పల్చబడ్డాక ఉప్పుటేరు వెనక్కి పారి ఉప్పునీళ్ళు ఎగదన్నుతాయి. ముంచే దారీ అదే, ఎండబెట్టే దారీ అదే. దాని మీద రెగ్యులేటర్లు కట్టాలని ఏళ్ళుగా అంటూనే ఉన్నారు. మబ్బు పట్టి ఉక్కపోసిన తెల్లవారుజామున చెరువులో ఆక్సిజన్ పడిపోయి చేపలు నోళ్ళు తెరుచుకుని పైకి తేలుతుంటే, కరెంటు పోయి ఆగిన ఏరియేటర్ (నీళ్ళలోకి గాలి కలిపే యంత్రం) పక్కన నిలబడ్డవాడి టెన్షన్ చూడాలి. వాతావరణ మార్పు అంటే ఏంటో వాడికి సదస్సు పెట్టి చెప్పక్కర్లేదు. ఆటపాకలో గూడబాతులకి గూళ్ళు పెట్టుకోను చెట్లు చాలక ఇనప స్టాండ్లు పెట్టారు. పాపం, అవైనా సర్దుకున్నాయి.

నేను అడిగేవి పెద్ద పెద్ద ప్రాజెక్టులేం కాదు. కొల్లేట్లో నీళ్ళు ఇంత ఎత్తుకి వస్తే ఏ లంకలో ఏ వీధిలోకి వస్తాయో ఊరివాళ్ళకి ముందే తెలియాలి. పశువుల్ని ఏ మెరకకి తోలాలి, ఎవరి దగ్గర పడవ ఉంది, డయాలసిస్‌కి వెళ్ళాల్సినవాళ్ళు ఎవరు, ఇదంతా ఒక పుస్తకంలో రాసుకుని పంచాయతీలో పెట్టుకోవచ్చు. ఎడ్లగాడి దగ్గర రోడ్డు ఎత్తు పెంచమని అందరూ అడుగుతున్నారు. పెంచండి, కానీ కింద నీళ్ళు పోవడానికి చాలినన్ని ఖానాలు పెట్టండి. లేకపోతే అది రోడ్డు కాదు, ఇంకో గట్టు. పైనున్న పట్నాలు తమ మురుగునీ వరదనీ కొల్లేటికి వదిలేముందు కింద మనుషులున్నారని గుర్తుపెట్టుకుంటే చాలు, అంతకంటే ప్రేమ అక్కర్లేదు.

పోయిన నెల పెద్దమ్మ ఇంటికి వెళ్ళినప్పుడు 2024 నీళ్ళు గోడ మీద ఎక్కడిదాకా వచ్చాయో చూపించమన్నాను. సున్నం కొట్టించేశారు, మరక పోయింది. మంచం కోడు పక్కన వంగి, "ఇదిగో, ఇక్కడికి" అని వేలు పెట్టింది. అక్కడ ఎర్ర పెయింట్‌తో గీత గీసి తేదీ రాశాను. గోడ పాడుచేశావని ఇప్పటికీ తిడుతూనే ఉంది.